బోధమాపకం

ఆ కాలానికి పరీక్షల్లో ఎవరూ ఏమీ రాయడం లేదు. ఏ ప్రశ్న వేసినా జేబులోని యంత్రం రెప్పపాటులో జవాబు చెప్పేస్తుంటే, కాగితాల మీద వచ్చే మార్కులకు అర్థం లేకుండా పోయింది. అందుకే భీమిలి సముద్రపు గట్టున ఉన్న నాడీశాస్త్ర విద్యాపీఠంలో విద్యార్థి తలకు పల్చటి జాలీ టోపీ తగిలించుకుని, ఆచార్యుల ముందు కూర్చుని మాట్లాడాలి. వెనక గోడ మీద గుండ్రటి దీపం ఒకటి ఉంటుంది. విషయం నిజంగా బోధపడి మాట్లాడుతుంటే ఆ దీపం నీలంగా వెలుగుతుంది. బట్టీపట్టింది అప్పజెబితే బూడిదరంగులోనే ఉండిపోతుంది.

దాని పేరు బోధమాపకం. ఒక సంగతి మనకు అర్థమైన క్షణంలో, మెదడులో దూరదూరంగా ఉన్న భాగాలు ఒకే లయలో పడతాయని దాన్ని కనిపెట్టినవాళ్లు చెప్పారు. నుదుటి వెనకనున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్, జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్ అప్పుడు జంటగా మోగుతాయట. ఆ లయకు 'బోధతరంగం' అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లలో ఒకరు ప్రొఫెసర్ అవధానుల కామేశ్వరి. ఆవిడ దగ్గర డాక్టరేటు చేస్తున్న అమ్మాయి ఉత్పల.

డాక్టరేటు నియమాలు కఠినమైనవే. నాడీకణాల జీవశాస్త్రం, నాడీవ్యవస్థల పనితీరు, గణాంకశాస్త్రం, పరిశోధన నైతికత కోర్సులన్నీ ముగించాలి. ఒక్కో ప్రయోగశాలలో కొన్నాళ్లు చొప్పున పనిచేసి, నచ్చిన గైడ్‌ని ఎంచుకోవాలి. ఆపైన అర్హత పరీక్ష, థీసిస్, చివరికి వైవా. ప్రతి మెట్టు దగ్గరా నీలి దీపం వెలగాల్సిందే. అర్హత పరీక్షలో రెండుసార్లు వెలక్కపోతే ఎమ్మెస్ పట్టా చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తారు.

ఉత్పల బ్యాచ్‌లో అలా పంపేసింది షేక్ మస్తాన్ వలిని.

బాపట్ల నుంచి వచ్చిన మస్తాన్ దగ్గరే బ్యాచ్ అంతా పాఠాలు చెప్పించుకునేది. క్యాంటీన్‌లో పెసరట్టు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, టీ గ్లాసులు నాడీకణాల్లా పేర్చి, రెండు కణాలు కలిసే సినాప్స్ దగ్గర ఏం జరుగుతుందో చూపించేవాడు. ఉత్పల అర్హత పరీక్షలో చెప్పినవన్నీ అతని మాటలే. గొంతు తొణక్కుండా చెప్పింది. దీపం నీలంగా వెలిగింది.

తర్వాత మస్తాన్ వంతు వచ్చింది. జ్ఞాపకం మెదడులో ఎలా నిలుస్తుందని అడిగారు.

"సినాప్స్‌లు గట్టిపడటం వల్ల అంటారు సార్. కానీ అదొక్కటే అయితే లెక్క సరిపోవట్లేదు. ఆ సినాప్స్‌లోని ప్రొటీన్లు కొన్నాళ్లకే మారిపోతాయి, జ్ఞాపకం మాత్రం ఉంటుంది. మరి దాన్ని నిలబెడుతున్నదేంటో నాకు తెలీదు. నాకు తోచిందొకటుంది, అది తప్పు కూడా కావచ్చు."

దీపం బూడిదరంగులోనే ఉంది. రెండోసారీ అంతే. మస్తాన్ పెట్టె సర్దుకుని వెళ్లి నరసరావుపేటలో వినికిడి యంత్రాలు అమర్చే క్లినిక్‌లో చేరాడు. వెళ్లేటప్పుడు బస్సు దగ్గర ఉత్పలతో, "నాకు అర్థం కాలేదేమోలే," అన్నాడు. ఆ మాట అతను నమ్మే అన్నాడు. ఉత్పలకు అదే ముల్లులా గుచ్చుకుంది.

ఆమె తన థీసిస్‌కు ఆ ముల్లునే తీసుకుంది. మాపకం కొందరి దగ్గర ఎందుకు పొరబడుతోందన్నది అంశం. కామేశ్వరి మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "చెయ్యి," అంది.

ఉత్పల ఒక అబద్ధపు సిద్ధాంతాన్ని అల్లింది. నిద్ర గురించి, వినడానికి ముచ్చటగా, నడిమధ్యలో ఒక పెద్ద బొక్కతో. దాన్ని కొందరు వలంటీర్లకు పాఠంగా చెప్పింది. ఇంకొందరికి సరైన సిద్ధాంతం చెప్పింది. తర్వాత అందరికీ టోపీలు పెట్టి మాట్లాడించింది. అబద్ధాన్ని మనసారా నమ్మినవాళ్లందరికీ దీపం నీలంగా వెలిగింది. అందులోని బొక్కను పట్టుకుని, ఇదేదో అతకట్లేదే అని ఆగినవాళ్ల దగ్గర బూడిదరంగుకు దిగిపోయింది. సరైన పాఠం విన్నవాళ్లలో కూడా అనుమానం వచ్చినవాళ్లకు దీపం వెలగలేదు.

యంత్రానికి మొదట్లో దేన్ని చూపించి నేర్పారా అని ఉత్పల వెనక్కి వెళ్లి వెతికింది. పెద్దపెద్ద ఆచార్యులు క్లాసు చెబుతుండగా తీసిన మెదడు రికార్డింగులవి. వాళ్లకు అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుందనుకున్నారు. కానీ వాళ్లందరిలో సమానంగా ఉన్నది అర్థం కావడం కాదు. తమకు ఎదురు చెప్పేవాళ్లు లేరన్న ధీమా. యంత్రం పాపం తనకు చూపించినదాన్నే నేర్చుకుంది.

ఆ మాట చెప్పినప్పుడు కామేశ్వరి లేచి గది తలుపు మూసింది.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు మేడమ్. మీకే మొదట."

"మొదట్లోనే నాకు అనుమానం వచ్చింది ఉత్పలా. అప్పటికే ఆసుపత్రులవాళ్లూ కోర్టులవాళ్లూ వరసకట్టి నిలబడ్డారు. తెలియదు అనని మనిషి కావాలి వాళ్లకి. మేం అచ్చం అలాంటివాళ్లనే ఏరిచ్చే యంత్రం చేతికిచ్చాం. వాళ్లు కళ్లకద్దుకున్నారు."

"మరి మస్తాన్ లాంటివాళ్లు?"

కామేశ్వరి కిటికీలోంచి కనిపించే అలల వైపు తిరిగింది. "థీసిస్ రాయి. నేను అడ్డుపడను. కానీ వైవాలో నీ నెత్తిన కూడా ఆ టోపీయే ఉంటుంది. అది మాత్రం మర్చిపోకు," అంది.

ఉత్పలకు తన పనిలోని లోపాలు బాగా తెలుసు. అన్నిటికన్నా పెద్దది ఒకటుంది. అబద్ధపు పాఠాన్ని తానే అల్లింది కాబట్టి, దాన్ని చెప్పేటప్పుడు తన గొంతులో ఉత్సాహం ఎక్కువై ఉండొచ్చు. వలంటీర్లకు అంటుకున్నది ఆ ఉత్సాహమే కావచ్చు. ఇంకొకరి చేత చెప్పించి మళ్లీ చూడాలి. గడువు లేక చూడలేదు.

వైవా రోజు హాలు నిండిపోయింది. మొదట్లో ఉత్పల ఉన్నదున్నట్టు చెప్పసాగింది. ఇక్కడివరకు తెలిసింది, ఇక్కడినుంచి తెలియదు అంటుంటే, ఎదుటి వరసలో ముఖాలు తన వెనక గోడకేసి చూసి దిగాలుపడటం కనిపించింది. దీపం మసకబారుతోందని తిరిగి చూడకుండానే తెలిసింది. మస్తాన్ కూర్చున్నదీ ఈ కుర్చీలోనే. కోపం తన్నుకొచ్చింది. గొంతు గట్టిపడింది. అక్కడినుంచి ఒక్క 'బహుశా' కూడా దొర్లలేదు.

చివర్లో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ధర్మపురి విశ్వేశ్వరరావు చెయ్యెత్తాడు.

"అమ్మా, రెండు పాఠాలూ చెప్పింది మీరే కదా. ఈ తేడా మీ గొంతువల్ల వచ్చి ఉండదా?"

తాను భయపడిన ప్రశ్న అదే. ఉత్పల ఆయన కళ్లలోకి చూసింది.

"ఆ అవకాశమే లేదు సార్."

వెనక దీపం నీలంగా వెలిగి, ఆ వెలుగు ఆచార్యుల కళ్లద్దాల్లో మెరిసింది. విశ్వేశ్వరరావు తృప్తిగా తలాడించి చెయ్యి దించాడు.

కమిటీ ఎక్కువసేపు తీసుకోలేదు. అధ్యక్షుడు లేచి, అభ్యర్థికి విషయం మీద సంపూర్ణ అవగాహన ఉందని మాపకం ధ్రువీకరించింది కనుక డాక్టరేటు ఇస్తున్నామని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తన థీసిస్ చెప్పిందేమిటో హాల్లో ఒక్కరికైనా గుర్తుందా అనిపించింది ఉత్పలకు. తర్వాత అధ్యక్షుడే ఆమెనూ కామేశ్వరినీ తన గదిలోకి పిలిచి మెల్లగా చెప్పాడు.

"నీ థీసిస్ నిజమైతే ఈ దీపాన్ని నమ్మకూడదు. నమ్మకూడదంటే నీకిచ్చిన పట్టా కూడా చెల్లదు. ఈ దీపం చూసి ఇన్నాళ్లూ మేమిచ్చినవన్నీ అంతే. కాబట్టి మరింత అధ్యయనం జరిగేవరకు దీన్ని బయటపెట్టడం లేదు. నీకభ్యంతరమా?"

ఆమె కామేశ్వరి వైపు చూసింది. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటోంది.

"లేదు సార్," అంది ఉత్పల.

వచ్చే ఏడు నుంచి అర్హత పరీక్షల కమిటీలో ఆమెను వేశారు.

ఆ సాయంత్రం మస్తాన్‌కు ఫోన్ చేసింది. అతను మనస్ఫూర్తిగా సంబరపడ్డాడు. ప్రయోగమంతా అడిగి అడిగి చెప్పించుకున్నాడు. ఎన్నాళ్లుగానో అలాంటి మాటలకు మొహం వాచినవాడిలా మధ్యమధ్య "ఆగాగు, మళ్లీ చెప్పు," అంటూ.

"అయితే ఉత్పలా, ఒక సందేహం. రెండు పాఠాలూ నువ్వే చెప్పావుగా. నీ గొంతు తేడా ఏమైనా పనిచేసిందేమో చూశావా?"

ఉత్పల ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"చూడకపోతే పోనీలే, ఇప్పుడు చూద్దాం. ఇక్కడ క్లినిక్కుకి రోజూ బోలెడుమంది వస్తారు. పాఠం నేను చెప్తా, నువ్వు టోపీలు పంపించు. అది తేలితే నీ మాట ఇంకెవరూ కాదనలేరు. తేలకపోయినా మంచిదే, అసలు సంగతేంటో తెలుస్తది."

అతని గొంతులో పాత క్యాంటీన్ రోజుల హుషారు. ఉత్పల ఒప్పుకుందామనే నోరు తెరిచింది. కానీ బయటికొచ్చిన గొంతు వేరు. అందులో తొణుకు లేదు.

"అక్కర్లేదు మస్తాన్. అదంతా ఎప్పుడో తేలిపోయింది."

అవతల ఎవరో ముసలాయన చెవిలో యంత్రం ఈలవేస్తోందని కాబోలు మస్తాన్‌ని పిలుస్తున్నారు.

"సరేనండి," అన్నాడు అతను. "ఉంటాను మేడమ్."