గోడల మలుపులో ఎడమ చక్రం

కొండ దిగేముందు రోడ్డుకి రెండు పక్కలా నిలువుగా కోసిన రాతిగోడలు వస్తాయే... ఆ మలుపులో రాత్రిపూట బండి ఆపకూడదని ఈ దారిన తిరిగే ప్రతివాడికీ తెలుసు. ఎవరూ బోర్డు పెట్టలేదు. పెట్టక్కర్లేదు కూడా.

అక్కడ ఒక ఆడమనిషి ఏడుస్తుందట.

బండి గోడల మధ్యకి రాగానే వెనకనుంచి మొదలవుతుందట — ముందు సన్నగా, గొంతు పూడుకుపోయినట్టు... తర్వాత పెద్దగా. ఏడుపు వినిపిస్తే వెనక్కి చూడకూడదు. బ్రేకు మీద కాలు వెయ్యకూడదు. తొక్కుకుంటూ దిగిపోవాలి. ఆపావో — ఎక్కి కూర్చుంటుంది, కొండ కిందికి చేరేలోపు చక్రం పీకేస్తుంది. ఇదీ ఆ చోటికి ఉన్న పేరు.

నన్నడిగితే, అక్కడ ఆపినవాడి చక్రం ఊడటం నేనెప్పుడూ చూడలేదు. ఆపనివాళ్ల చక్రాలే ఊడాయి. కొండ కింద హబ్బులూ టైర్లూ చూసే కొట్టు నాది. పైనుంచి కుంటుకుంటూ వచ్చే ప్రతి బండీ నా గుమ్మం ముందే చతికిలపడుతుంది. కానీ నా మాట ఎవడు వింటాడు? దెయ్యం అంటే టీ తాగడం ఆపి మరీ వింటారు. గ్రీజు అనగానే గ్లాసెత్తి గటగటా తాగేసి లేచిపోతారు.

అందుకే ఈ సంగతి చెబుతున్నా. తేనెపెట్టెల మొగుడూపెళ్లాలు నా కొట్లో కూర్చుని చెప్పింది చెప్పినట్టు. కల్పించానంటారేమో — కల్పించేవాణ్ణే అయితే ఇంతకంటే మంచిది కల్పించి ఉందును.

వాళ్లిద్దరూ తేనెటీగల మీద బతికేవాళ్లు. ఎక్కడ పూత ఉంటే అక్కడికి పెట్టెలు మోసుకుపోతారు. జీపు వెనక రెండు చక్రాల ట్రైలరు, దాని నిండా పెట్టెలు. ఆ పని పగలు కుదరదు. పగలు ఈగలు మేతకి పోయి ఉంటాయి. పైగా మూసిన పెట్టెకి ఎండ తగిలితే లోపల మైనం గూళ్లు కరిగి, ఈగలు వాటి తేనెలో అవే మునిగి చస్తాయి. కాబట్టి చీకటిపడి అన్నీ లోపలికి చేరాక బయల్దేరాలి, ఎండ ఎక్కకముందే దించేయాలి.

ఆ ఏడు వానలకి వాళ్ల పెట్టెలు చాలా పోయాయి. మిగిలినవన్నీ ఆ ట్రైలరు మీదే ఉన్నాయి. అవి కూడా పోతే మళ్లీ మొదలుపెట్టడానికి వాళ్లకి ఒక్క ఈగ కూడా లేదు.

ఆవిడ అతన్ని బావా అంటుంది. సొంత మేనత్త కొడుకే. నిక్కర్ల నాటినుంచి ఎరిగిన మనిషి కాబట్టి అతను ఏం చెప్పినా ఒకటికి రెండుసార్లు గీకి చూస్తుంది.

"బేరింగులు చూశావా బావా?" అందట బయల్దేరేముందు.

"చూశా."

"రెండు చక్రాలవీనా?"

"ఒంటి చక్రం మీద పోతామా ఏమే?"

ఆ జవాబు ఆవిడకి మింగుడుపడలేదు. అవునంటే పోయేదానికి ఎదురు ప్రశ్న ఎందుకు? ఎక్కడో తిరకాసు ఉంది అనుకుంది. అయినా చీకటి పడిపోతోంది, పెట్టెల మూతులు బిగించేశారు, ఇంక ఊడదీసి చూసే తీరిక ఎక్కడిది.

పాపం, అతను పని ఎగ్గొట్టే రకం కాదు. ఒక్కో చక్రాన్నీ జాకీ మీద లేపి ఊడదీశాడు. బేరింగుల్ని కిరసనాయిల్లో కడిగి ఆరబెట్టాడు. డబ్బాలోని ముద్ద అరచేతిలో పెట్టుకుని, రోలర్ల సందుల్లోంచి అవతలికి పొడుచుకొచ్చేదాకా కూరాడు. నట్టు బిగించి, ఒక పిసరు వెనక్కి వదిలి, పిన్ను పెట్టాడు. చక్రం తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. ఎవరూ వంక పెట్టలేరని అతని ధీమా.

దూరం లాగే ట్రైలరుకి ఇంకో పద్ధతి ఉంది. కొంత దూరం పోయాక ఆపి, దిగి, చక్రం నడిమధ్య బేరింగులుండే హబ్బు మీద చెయ్యి ఆనించి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి నిలవకపోతే లోపల ఏదో మాడుతున్నట్టే. ఇంతా చేసి, కొండెక్కాక ఆపడానికి చదునుగా, వెడల్పుగా ఉన్న చోటు ఒక్కటే ఒక్కటి — ఆ గోడల మలుపు.

"అక్కడ మాత్రం ఆపకు బావా," అంది ఆవిడ మెల్లగా.

"ఆపుతానని ఎవరన్నారు?" అన్నాడతను. అతని గొంతూ మెల్లగానే ఉంది.

కొండెక్కారు. గోడలు వచ్చాయి. చందమామ అటు పక్క ఉండిపోయాడు. జీపు లైట్ల ముందు రాయి తప్ప ఇంకేం లేదు.

అప్పుడు మొదలైంది.

ఊఁ... ఊఁ... ఊఁ...

సన్నగా. వెనకనుంచి. బండి మెల్లగా పోతే మెల్లగా, జోరుగా పోతే జోరుగా. వెంటబడి వస్తున్న మనిషిలాగా. అతను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ పైటకొంగు నోట్లో కుక్కుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అతను యాక్సిలరేటరు తొక్కాడు. ఏడుపు కీచుగా మారింది.

ఆ గాలిలో ఇంకోటి వచ్చింది... వాసన. కరుగుతున్న మైనం వాసన. కొవ్వొత్తులు ఒక్కసారిగా ఊదేస్తే వస్తుందే, అది. ఆ కొండ మీద, ఆ చీకట్లో, కొవ్వొత్తులు వెలిగించేవాళ్లు ఎవరు?

ఇంకెవరైనా అయితే గుండె ఆగి చచ్చేవాళ్లు. ఆవిడకి మాత్రం దెయ్యం గుర్తుకురాలేదట. ఈగలు గుర్తుకొచ్చాయి.

"ఆపు."

"పిచ్చి పట్టిందా? ఆ ఏడుపు వినబడట్లా నీకు?"

"ఏడ్చేవాళ్లని ఏడవనీ. గూళ్లు కరుగుతున్నాయి బావా... నా ఈగలు చస్తున్నాయి... ఆపు!"

అంటూనే తాళం చెవి తిప్పేసింది. గోడలు దాటకుండానే బండి గుంజుకుని ఆగింది.

బండితోపాటు ఏడుపూ ఆగింది. ఠక్కున. మనం వింటున్నామని కనిపెట్టినట్టు.

ఇద్దరూ అలాగే కూర్చున్నారు. వెనక ఎక్కడో ఏదో రాలుతోంది. టప్... కాసేపాగి మళ్లీ టప్... ఎవరు ముందు దిగాలి? అతను ఆవిడ వైపు అనుమానంగా చూశాడట, పక్కనున్నది తన పెళ్లామేనా అని. నవ్వకండి. ఆ చోట మీరున్నా అదే చూపు చూసేవాళ్లు.

చివరికి ఆవిడే తెల్లసూటు తొడుక్కుని, మొహానికి వల ముసుగు దించుకుని దిగింది. ఈగల దగ్గర వాళ్లు వేసుకునే సూటు అది. ఒక్కో పెట్టెకీ చెవి ఆనించింది. లోపల ఝుమ్మని నిండుగా మోత. మూతలు చల్లగా ఉన్నాయి. ఈగలు క్షేమం.

మరి మైనం ఎక్కడిది?

వంగింది. ఎడమ చక్రం దగ్గర సెగ తగిలింది. చెయ్యి పెట్టి, "అమ్మో!" అని లాక్కుంది. హబ్బులోంచి నల్లటి చుక్కలు రోడ్డు మీదికి కారుతున్నాయి.

అతనూ సూటు వేసుకుని వచ్చాడు. ఒక చుక్క వేలికి రాసుకుని, ముసుగు ఎత్తి వాసన చూశాడు. మొహం మాడిపోయింది.

"ఇది గ్రీజు కాదే..."

"ఏ డబ్బాలోది పెట్టావు?"

"కుడి చక్రానికే మొదటి డబ్బా ఖాళీ అయింది. పక్కనున్న గ్రీజు డబ్బా తీశా."

"డబ్బా గ్రీజుదే బావా. అందులో చీమల మందు పోసింది నేను."

చీమల మందంటే కొన్న మందు కాదు. పెట్టెల కాళ్లకి చీమలు ఎక్కకుండా పూయడానికి మైనం కరిగించి, వాడేసిన ఇంజను ఆయిలు కలిపి వాళ్లే కాచుకుంటారు. నల్లగా, జిగటగా, అచ్చం గ్రీజే. షెడ్డులో మసకచీకట్లో ఎవడు పోల్చగలడు! తేనెవాళ్లకి తప్ప ఇంకెవరికీ రాని కష్టం. చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా కూర్చుంది. కొండెక్కి హబ్బు వేడెక్కేసరికి కరిగి కారిపోయింది. రోలర్లు ఎండి కేకలు పెట్టాయి. ఆ కేకని రాతిగోడలు పట్టుకుని వెనకనుంచి విసిరాయి. ఇదీ ఆ ఆడమనిషి ఏడుపు! అలాగే దిగువకి తొక్కుకుపోయి ఉంటే చక్రం ఊడి, పెట్టెలతో సహా లోయలో ఉండేవాళ్లు.

"డబ్బా మీద ఏదైనా గుర్తు పెట్టొచ్చుగా నువ్వు?" అన్నాడు.

"వాసన చూడొచ్చుగా నువ్వు?" అంది.

అలా పోట్లాడుకునేసరికి ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. దెయ్యం లేదు గియ్యం లేదు. టూల్ పెట్టెలో స్పేరు బేరింగులు, గ్రీజు ట్యూబు ఉన్నాయి. చెయ్యి కాలకుండా పట్టుకోగలిగే దాకా హబ్బు చల్లారనిచ్చి, జాకీ పెట్టి లేపాడు. ట్రైలరు ఒరిగింది. ఒక పెట్టె మూత కదిలి, ఈగలు కొన్ని పాకుతూ బయటికి వచ్చాయి.

"టార్చి పట్రా. ఎర్ర కాగితం చుట్టు," అన్నాడు. ఎరుపు ఈగల కంటికి ఆనదు. తెల్లగా వెలిగిస్తే నేరుగా మొహం మీదికే వస్తాయి.

ఆవిడ జీపు ముందువైపు వెళ్లింది. అతను చక్రం పక్కన గొంతుక్కూర్చుని తడుముకుంటూ హబ్బు టోపీ ఊడదీశాడు. కాసేపటికి భుజం మీదుగా ఎర్రటి వెలుగు పడింది. ఆ వెలుగులో చూస్తే మాడిన రోలర్లు నీలం తిరిగి ఉన్నాయి. పాతవి తీసి, లోపలంతా గుడ్డతో తుడిచి, కొత్తవాటికి గ్రీజు కూరడం మొదలుపెట్టాడు.

"కాస్త ఎడమకి జరుపు," అన్నాడు. వెలుగు ఎడమకి జరిగింది.

"కోపమొచ్చిందా? మాట్లాడవేం?" అన్నాడు. జవాబు లేదు. వచ్చే ఉంటుందిలే అనుకున్నాడు. ముసుగు అడ్డం, చేతుల నిండా గ్రీజు, చేతుల మీద ఈగలు. తల తిప్పే వీల్లేదు. తిప్పాల్సిన అవసరమూ లేదు.

నట్టు బిగించాడు, వెనక్కి వదిలాడు, పిన్ను పెట్టాడు. చక్రం తిప్పి చెవి పెట్టాడు. నిశ్శబ్దంగా తిరిగింది. జాకీ దించి, పెట్టె మూత సరిచేసి, ఇద్దరూ జీపెక్కారు. గోడలు దాటారు. వెనకనుంచి చప్పుడు లేదు.

తెల్లారే వేళకి నా కొట్టు ముందు ఆగారు. ఎందుకైనా మంచిది, ఒకసారి చూడన్నా అన్నాడు. హబ్బు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. హబ్బు టోపీ తీసి చూశాను. నేను పగలు, బల్ల మీద పెట్టుకుని చేసే పనిలా ఉంది. పెట్టెల్లో ఈగలు హాయిగా రొద పెడుతున్నాయి. ఆవిడ ఒక్కో పెట్టెనీ చేత్తో నిమిరి వచ్చి, కళ్లు తుడుచుకుని, టీ గ్లాసు అందుకుంది. అప్పుడే ఇదంతా చెప్పారు.

నా సంతోషం ఏమని చెప్పను! ఇన్నాళ్లూ నేను మొత్తుకున్నదేగా ఇది. ఏడ్చేది చక్రం, చంపేది భయం. అందరినీ పిలిచి వినిపిద్దామనిపించింది.

"అంత చీకట్లో ఇంత శుభ్రంగా ఎలా చేశావయ్యా?" అన్నాను.

"అంతా మా ఆవిడ చలవ. పెళ్లయ్యాక మొదటిసారి లైటు కదలకుండా పట్టుకుంది," అని నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు.

"నేనెప్పుడు పట్టుకున్నాను?"

"వేళాకోళమా?"

"టార్చి దొరకలేదు బావా. ఆ మాట చెప్పడానికి వెనక్కి వచ్చా. ట్రైలరు ఇవతలనుంచి చూస్తే నీ దగ్గర ఎర్రగా వెలుగుతోంది. ఇంకోటేదో తెచ్చుకుని తగిలించుకున్నావనుకున్నా... నేను మలుపు మొదట్లోకి పోయి నిలబడ్డా. వెనకొచ్చే బండి మన మీదికి రాకుండా తువ్వాలు ఊపుతూ. జాకీ దించిన చప్పుడు విని వచ్చా."

నాకు అనుమానం వచ్చింది. పొద్దున్నే ఈ ముసలాణ్ణి ఆట పట్టిద్దామని ఇద్దరూ మాట్లాడుకుని వచ్చారేమో అని. నేనే లేచి జీపు వెతికాను. సీట్ల కింద, టూల్ పెట్టెలో, వెనక గోనెల కింద. టార్చి లేదు. ఎర్ర కాగితం ముక్క కూడా లేదు.

"షెడ్డులో మేకుకే వేలాడుతూ ఉండి ఉంటుంది," అంది ఆవిడ. "తీసిన గుర్తు నాకు లేదు."

అతను గ్రీజు మరకలు పోని తన చేతుల్నే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. వేళాకోళానికి మనిషి అలా పాలిపోడు.

కొండ వైపు ఒకసారి చూసి, గుసగుసగా అన్నాడు.

"ఎడమకి జరుపు అన్నా కదా... జరిపింది."