చెడిన వెన్న వాసన

వెన్న, నూనెల టోకు వ్యాపారంలోనే పెద్దాయన జుట్టు నెరిసింది. డబ్బా మూత తీసి ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, సరుకు కొనాలో వదిలెయ్యాలో తేల్చేసేవాడు. దుకాణం కొడుక్కి అప్పగించాక ఆ ముక్కుకు ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే మిగిలింది.

ఆ ఉదయం కూడా టీ తాగి, గిన్నెలన్నీ వాసన చూస్తున్నాడు.

"దుకాణం మానేశారు, ఆ ముక్కునీ కాస్త మాన్పించండి," అంది భార్య.

"నా ముక్కే లేకపోతే మీరంతా ఈపాటికి మంచాన పడేవాళ్లు. ఇదిగో, కూరల వెనక సీసా. పేరు చీటీ కూడా లేదు. అబ్బ, చెడిన వెన్న కంపు!" అంటూ సింకులో బోర్లించి కుళాయి తిప్పాడు.

కాసేపటికి కోడలు వచ్చి ఫ్రిజ్ అంతా వెతికింది. "మామయ్యా, ఇక్కడ గోధుమరంగు సీసా ఉండాలి..."

"పారబోశానమ్మా. చెడిన సరుకు ఇంట్లో ఉంచకూడదు."

ఆమె ముఖం పాలిపోయింది. "అది చెడలేదు మామయ్యా. దాని వాసనే అంత. అది నా మందు."

"మందేంటి?"

"నా పెద్దపేగులో పుండ్లు. మన పేగుల్లో ఉండే మంచి క్రిములు పీచును పులియబెట్టి ఒక ఆమ్లం తయారుచేస్తాయట, బ్యుటిరేట్ అని. చెడిన వెన్నకు ఆ కంపు తెచ్చేదీ అదేనట. పేగు పొరకు అదే మేత. మిగతా మందులతో పాటు దాన్ని ఎనిమాగా ఎక్కించుకుని చూడమన్నాడు డాక్టరు. అందరికీ పనిచేస్తుందని హామీ లేదన్నాడు. నాకు ఈమధ్యే రక్తం పడటం ఆగింది."

"మరి నాకెందుకు చెప్పలేదు? చీటీ నువ్వే చింపేశావా?" గొంతు పెంచాడు. బేరం చెయ్యి జారిపోతున్నప్పుడు గొంతు పెంచడం ఆయనకు పాత అలవాటు.

"ఎలా చెప్పమంటారు? నేను బాత్రూంలోంచి వచ్చిన ప్రతిసారీ 'లోపల ఎలక చచ్చిందా' అని నవ్వేవారు. అప్పట్నుంచే వంటింట్లో ఒక్కదాన్నే తింటున్నాను. అది మాత్రం మీరు పసిగట్టలేదు."

ముక్కు తప్పు చెప్పలేదు. సరుకును తూచినట్టే ఇంటి మనిషినీ వాసనతో తూచాడు, తప్పు అక్కడ జరిగింది.

మందు కలిపిచ్చే దుకాణానికి ఆయనే పరుగెత్తాడు. కానీ కొత్త సీసా తయారయ్యేలోపే కోడలికి మళ్లీ రక్తం పడింది. పోయిన సరుకును మళ్లీ తెప్పించవచ్చు. పిల్ల పడిన బాధను ఎక్కడికని తిరిగి పంపుతాడు?

సీసా రాగానే చీటీ కనబడేలా ముందు అరలో నిలబెట్టాడు. మర్నాడు భోజనాల వేళ కోడలు ఎప్పటిలా కంచంతో వంటింట్లోకి వెళ్లింది. ఆయనా కంచం పట్టుకెళ్లి, తలుపు మూల స్టూలు మీద ఇరుక్కుని కూర్చున్నాడు.

"మందు ఎక్కించుకున్నాను మామయ్యా. వాసన వస్తుంది, మీరు బయట తినండి."

"ఏం వాసన? నాకు జలుబు చేసిందమ్మా."

ఆ ముక్కు గురించి ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. కోడలు కొంగుతో కళ్లు ఒత్తుకుని, తన పీట కాస్త పక్కకు లాక్కుంది.

"అక్కడ ఇరుకు. ఇటు జరగండి మామయ్యా."