డాబా తలుపు

జంగ్లీఘాట్‌లో ఆ పొద్దున కూడా కరెంటు పోయింది. మెయిన్‌ల్యాండ్ నుంచి ఈ దీవికొచ్చే డీజిల్ ఓడ ఆలస్యమైతే ఊళ్లో జనరేటర్లు పడకేస్తాయి, అది అందరికీ అలవాటే. తిరుమలేష్ ఇంట్లో మాత్రం ఫ్యాను తిరుగుతూనే ఉంది. నెల కిందటే సర్కారు రాయితీతో డాబా నిండా సోలార్ పలకలు, మెట్ల కింద బ్యాటరీ పెట్టించాడు. గాలిపటాలకని వీధి పిల్లలెక్కి పలకలు పగలగొడతారని మెట్ల పైనున్న తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.

మెచ్చుకోవాల్సిన తల్లి తులసమ్మ నెల్లాళ్లుగా మొహం మాడ్చుకునే ఉంది.

"ఆ అద్దాలు తీయించెయ్‌రా," అంది టీ గ్లాసు అతని ముందు పెడుతూ. "సముద్రంలో నూనె తవ్వుతున్నారంట, మన మణిగాడు సెప్పాడు. ఆళ్లకి సర్కారు పన్నులు కూడా మాఫీ సేసిందంట. ఆ నూనె దొరికితే మనకి బిజిలీకి లోటేటి?"

మణికుమార్ ఆమె చెల్లెలి కొడుకు. చమురు వెతికే ఓడలో వంటపని చేస్తాడు. ఆ పేరు వినగానే తిరుమలేష్‌కి ఒళ్లు మండింది.

"దొరికితే కదమ్మా. దొరకని నూనెకి అన్నేసి రాయితీలు, నెత్తి మీదున్న ఎండకి ఇంత ముష్టి. ఆ ముష్టి కోసం ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను నేను. నీకేమో మణిగాడి మాటే వేదం."

"ఆడి గొడవ కాదురా. పోనీ ఆ తాళం తీసుంచు, సాలు."

"ఎందుకు, వడియాలెట్టుకోడానికా?"

తులసమ్మ మెట్ల పైకి ఓసారి చూసి మొహం తిప్పుకుంది. అతనికది మొండితనంలా కనిపించింది.

"బిల్లు కట్టేది నేను. డాబా సంగతి నేను చూసుకుంటా, బస్," అనేసి మిడిల్ పాయింట్‌లోని తన హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్లిపోయాడు. భార్య వాసవి అప్పటికే పాఠాలు చెప్పడానికి బడికెళ్లింది. ఇంట్లో తులసమ్మ, మూడేళ్ల మనవరాలు మిగిలారు.

మధ్యాహ్నం కావస్తుండగా భూమి ఊగింది. కొట్లో పెయింటు డబ్బాలు దొర్లిపడ్డాయి. జనం రోడ్డు మీదికొచ్చి సముద్రం వైపు చూస్తున్నారు. ఇంటికి ఫోను చేద్దామని తిరుమలేష్ జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి తగిలింది.

సునామీ నాడూ ఇలాగే ఊగింది. అమ్మ తనని భుజాన వేసుకుని ఆ డాబా మీదికే ఎక్కింది. కింద వీధిలో నీళ్లు సుళ్లు తిరుగుతున్నంతసేపూ తనని ఒళ్లోంచి దించలేదు. ఆ తర్వాత ఎంత చిన్న కుదుపొచ్చినా ఆమె డాబా మీదికే పరిగెత్తేది. అందరూ నవ్వేవాళ్లు. తనూ నవ్వేవాడు.

నూనె, మణిగాడు, అన్నీ సాకులు. ఇన్నేళ్లయినా భయం పోలేదని కొడుకు దగ్గర ఒప్పుకోవడానికి సిగ్గుపడింది. చెబితే తప్ప తెలియకపోవడానికి తను పరాయివాడా?

స్కూటర్ ఎలా నడిపాడో అతనికే తెలియదు. ఇంటికొచ్చేసరికి తులసమ్మ పై మెట్టు మీద, తాళం వేసిన తలుపుకి ఆనుకుని కూర్చునుంది. మనవరాలు ఆమె మెడ చుట్టూ చేతులేసి నిద్రపోయింది. తలుపు బాదీ బాదీ ఆమె అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

"నీళ్లు రాలేదట్రా?" అంది.

"రాలేదమ్మా."

"మంచిదయింది. పిల్లదాన్ని ఎక్కడెట్టాలో తెలీక కంగారడిపోయాను. నాకేటి, ముసల్దాన్ని."

ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికపడేది. కందిన ఆ చేతుల్లో మొహం దాచుకుని తిరుమలేష్ వెక్కి వెక్కి ఏడ్చాడు.

సాయంత్రం స్క్రూడ్రైవర్ తెచ్చి బందులు విప్పి, తలుపునే ఊడదీసి గోడకి చేరవేశాడు. తులసమ్మ కింది మెట్టు మీద నిలబడి చూసింది.

"అద్దాలుండనీలేరా, పిల్లకి గాలొస్తాది. తలుపెందుకు తీసేస్తన్నావు? వాన ఇంట్లోకి కొడతాది."

"కొట్టనీ అమ్మా," అన్నాడు తిరుమలేష్.