రెండు మీటర్ల మధ్య

"ఐదో కారు కూడా తప్పించుకుంది," అన్నాడు చీఫ్. "ఎందుకు?"

"బండి లాగలేదు సార్."

"రేసు బండి కావాలన్నావు, ఇచ్చాం. ఇప్పుడు లారీలు నీకు హారన్ కొట్టి పక్కకి జరగమంటున్నాయి."

ఏజెంట్ మిరియం పళ్లు నూరుకున్నాడు. మనిషి పొట్టి, కోపం ఘాటు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ పిలిచే పేరే కోడ్ పేరయింది.

చీఫ్ మ్యాప్ పరిచాడు. "క్షిపణి చిప్‌లు మన లాబ్ నుంచి ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. కొనే విదేశీ ముఠా నాయకుడు ఈ సాయంత్రం సరిహద్దు వంతెన అవతల ఉంటాడు. ముత్యాన్ని అక్కడ దింపు. వాణ్ని చూపించాల్సింది ఆవిడే. నువ్వు డ్రైవర్ వేషంలో వెళ్తావు. గేటు దగ్గర 'గొడుగు తెచ్చారా' అంటారు. 'వాన రాదులెండి' అంటే సోదా లేకుండా వదిలేస్తారు."

ముత్యం డబుల్ ఏజెంట్. ముఠా ఆమెని తమ మనిషనుకుంటుంది, డిపార్ట్‌మెంట్ తమ మనిషనుకుంటుంది. ఆమె గదిలోకొస్తే మాట్లాడుతున్నవాళ్లు మాట మరిచిపోతారు. పారిపోయిన ఐదు కార్ల సమాచారమూ ఆమె ఇచ్చిందే.

మిరియం తిన్నగా గ్యారేజీకి వెళ్లాడు. దాన్ని నడిపేది అతని బావమరిది.

"మళ్లీ వచ్చావా బావా?" అన్నాడు బావమరిది. స్పానర్ బల్ల మీద పడేశాడు. "ప్లగ్గులు మార్చాను. పెట్రోల్ పంపు మార్చాను. గాలి ఊదే టర్బో కూడా కొత్తదే. ఇక మార్చాల్సింది డ్రైవర్నే."

"నోరు మూసి నా మాట విను. ఏదైనా విరిగితే బలం ఒక్కసారిగా పోవాలి. ఇది వారం వారం కాస్త కాస్త తగ్గుతోంది. ఎవరో గొంతు నొక్కుతున్నట్టు."

"మరి బూస్ట్ మీటర్ ముల్లు నిండుగా ఉంటోందిగా? గాలి బాగానే వస్తోంది."

మిరియానికి ఒళ్లు మండింది. నెల్లాళ్లుగా ఆ ముల్లుని నమ్మే ఇద్దరూ కొట్టుకుంటున్నారు. బానెట్ ఎత్తి, మీటర్‌కి వెళ్లే సన్నటి గొట్టాన్ని వేలితో తడుముతూ పోయాడు. అది టర్బో మూతి దగ్గర ఆగింది.

"ఒరే, ఇది టర్బో ఎంత ఊదుతోందో చెబుతోంది. ఇంజన్ ఎంత మింగుతోందో చెప్పడం లేదు. లోపలికి గాలి వెళ్లే చోట ఇంకో మీటర్ పెట్టు."

"గాలి ఎక్కడైనా కారుతోందేమో?"

"కారితే రెండు ముళ్లూ పడతాయి. మొదటిది నిండుగా ఉండి రెండోదే పడితే, మధ్యలో ఏదో అడ్డం ఉన్నట్టు."

రెండో మీటర్ బిగించారు కానీ, పరీక్షించే టైము దొరకలేదు. ముత్యం వచ్చేసింది. మిరియం తెల్ల యూనిఫారం వేసుకుని, దురద పెట్టే పెట్టుడు మీసం అతికించుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆమె పక్క సీట్లో ఎక్కింది.

ఊరు దాటాక ఎత్తు మొదలైంది. మిరియం యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాడు. బండి రొప్పింది. మొదటి ముల్లు నిండుగా లేచింది. రెండోది సగం దగ్గర చతికిలబడింది.

రెండింటి మధ్యా ఉన్నది ఒక్కటే. వేడెక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్. పాతది చిన్నదని, రేసుల స్నేహితుడి దగ్గర్నుంచి పెద్దది తెచ్చిపెట్టింది ముత్యమే. బలం తగ్గడం మొదలైంది ఆ తర్వాతే. ఒక్కో చిప్ మాయమైనప్పుడల్లా ఇంకాస్త తగ్గింది.

మిరియానికి లెక్క తేలింది. ఊరంతా తిరిగి ఎవరెవరి కార్లో తరిమాడు. సరుకు తన బానెట్ కిందే పోగవుతోంది.

"ఆ రెండో మీటర్ ఎప్పుడు పెట్టారు?" అంది ముత్యం. గొంతులో తీపి లేదు.

"పొద్దున్నే."

"ఎంత తెలివండీ మీకు. కాస్త ఆలస్యంగా." ఆమె లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. లోపల రంగు లేదు. తుపాకీ గొట్టం ఉంది. అది అతని పక్కటెముకల్ని తాకింది. "పోనివ్వండి."

వంతెన వచ్చింది. గేటు దగ్గర సిపాయి వంగి చూశాడు. "గొడుగు తెచ్చారా?"

మిరియం నోరు తెరిచేలోపే ముత్యం చిరునవ్వుతో అంది: "వాన రాదులెండి."

అడ్డకర్ర లేచింది. కారు నడకలా కదిలింది. సరిహద్దు తెల్లగీత ముందు టైర్లకి అడుగు దూరంలోకి వచ్చింది. అవతల నల్ల సూటు మనిషి చెయ్యి ఊపుతున్నాడు.

మిరియం ఎడమ చేత్తో లిప్‌స్టిక్‌ని పైకి తోశాడు. గుండు కారు కప్పులోంచి పోయింది. కుడి చేత్తో తాళం పీకి కిటికీలోంచి నదిలోకి విసిరాడు. బ్రేకు తొక్కితే కారు గీత మీదే ఆగింది.

చప్పుడుకి సిపాయిలు చుట్టుముట్టారు. నల్ల సూటు మనిషి పరుగెత్తి పారిపోయాడు. ముత్యం జుట్టు సర్దుకుని తాపీగా దిగింది.

"ఇంకో నాలుగడుగులు," అంది సంకెళ్లు పడుతుంటే.

కబురందుకుని వచ్చిన బావమరిది ఇంటర్‌కూలర్ విప్పాడు. చల్లగాలి బయటికి వచ్చే వైపు, లోపలి గోడకి అతికించిన లోహపు గొట్టాలు వరసగా కనిపించాయి. మాయమైన చిప్‌లన్నీ వాటిలో ఉన్నాయి.

"అన్నీ కొత్తవే వేశాం కదా బావా, ఈ అడ్డం కూడా తీసేస్తే బండి ఇక గాల్లో తేలుతుంది," అన్నాడు బావమరిది.

మిరియానికి నెల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. సిపాయి ఫోన్ అడిగి చీఫ్‌కి సంగతంతా చెప్పాడు.

"భేష్," అన్నాడు చీఫ్. "చిప్‌లు ఉన్నవి ఉన్నట్టు పంపించు. బండి సాక్ష్యం కదా, కేసు తేలేదాకా సీల్ వేస్తారు. ఆ మీసం తీసేసి బస్సెక్కు."