మూడు ఫుల్‌స్టాపులు

ఆదివారం ఉదయం వంటగది బల్ల మీద ప్లేట్లు తీసేసి, వాటి చోట వర్క్‌బుక్ పెట్టాడు తండ్రి. ఎదురుగా కూర్చున్న కూతురు పిచికకి తొమ్మిదేళ్లు. చేతిలో పెన్సిలు అప్పుడే చెమటకి జారుతోంది.

“గో?”

“గో... వెంట్... గాన్.”

“ముందు ‘ఈజ్’ ఉంటే ఏది రాయాలి?”

“మూడోది. గాన్.”

“చివర?”

“ఫుల్‌స్టాప్.”

“మరి ఇక్కడేది? మీ తాత వచ్చి పెడతాడా?”

“ఆయన్నెందుకురా లాగుతావు, పోయి హాయిగా ఉన్నాడు,” అంది నాయనమ్మ. “ఆదివారమైనా దాన్ని ఊపిరి పీల్చుకోనీ.”

అతను చెడ్డవాడేం కాదు. లిఫ్ట్ మెకానిక్. కిందటేడు ఇంగ్లీషులో అతను రాసిన రిపోర్టుని ఆఫీసులో ఎవరో పైకి చదివారు, అందరూ పగలబడి నవ్వారు. అతనికి రావలసిన సూపర్‌వైజర్ ఉద్యోగం అతని దగ్గర పని నేర్చుకున్నవాడికి వెళ్లింది. రేపు తన కూతుర్ని చూసి కూడా అలాగే నవ్వుతారేమోనని అతని భయం. ఆ భయంతోనే ఇంట్లో ఏం రాసినా, చివరికి కూరల చీటీ అయినా, ఇంగ్లీషులోనే రాయాలని రూలు పెట్టాడు. తప్పు పోతే ఇరవైసార్లు రాయాలి. ఇంటిల్లిపాదీ ఆ రూలుకి తల వంచారు, అదే వాళ్లు చేసిన పొరపాటు.

ఫోన్ మోగింది. ఎక్కడో లిఫ్ట్ ఆగిపోయి మనుషులు ఇరుక్కున్నారు.

“వచ్చేసరికి పేజీ పూర్తవ్వాలి,” అని సంచీ తగిలించుకుని వెళ్లిపోయాడు. తల్లి బట్టల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకి ఎప్పుడో వెళ్లింది.

పదకొండింటికి అతను తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. తన దగ్గరున్న తాళంచెవితో తెరిచాడు. పిలిస్తే ఎవరూ పలకలేదు. స్నానాల గది ముందు బకెట్ దొర్లిపోయి ఉంది, నేలంతా నీళ్లు. ఆ నీళ్లలో అతని అమ్మ కళ్లజోడు పగిలి పడి ఉంది. బల్ల మీద నోట్‌బుక్కులోంచి చించిన కాగితం, పిచిక గుండ్రటి అక్షరాలు.

‘గ్రాండ్‌మదర్ ఈజ్ గాన్. ఆంటీ ఈజ్ గాన్. ఐ యామ్ ఆల్సో గాన్.’

సిగ్గులేని కళ్లు ముందు ఫుల్‌స్టాపులే చూశాయి. మూడూ ఉన్నాయి. ఆ తర్వాతే అర్థం తలకెక్కింది. అమ్మ పోయింది. ఆంటీ పోయింది. నేనూ పోయాను.

ఎదురింటికి పరిగెత్తాడు. ఆంటీ అంటే ఆ ఇంటి టైలరమ్మే. అక్కడా తాళమే. ఫోన్ చేస్తే ఆ తలుపు లోపలే మోగింది. భార్యకి చేశాడు. ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టేస్తారు, ఎవరూ ఎత్తలేదు. మెట్లు దిగుతూ పిచికా, పిచికా అని అరుస్తున్నాడు. నేనూ పోయాను. ఎక్కడికి? ఎవరితో?

వీధి చివర క్లినిక్‌లో నర్సు చెప్పింది. “ముసలావిడా? తుంటి ఎముక విరిగింది. పెద్దాస్పత్రికి పంపాం. పాప కూడా వెంటే ఉంది.”

పెద్దాస్పత్రి వరండాలో బెంచీ మీద పిచిక కనిపించింది. బతికే ఉంది. అతను పరిగెత్తుకొచ్చాడు. తండ్రిని చూడగానే ఆ పిల్ల చటుక్కున లేచి, పక్కనే ఉన్న టైలరమ్మ వెనక్కి వెళ్లి దాక్కుంది.

“గాన్ అని రాస్తావా? గాన్ అంటే ఏంటో తెలుసా నీకు?” అంతసేపటి భయం కోపమై తన్నుకొచ్చింది. “ప్రాణాలు పోయాయి నాకు!”

“అరవకు అన్నయ్యా,” అంది టైలరమ్మ. “పెద్దమ్మ జారిపడింది. ఇద్దరు మనుషులు పట్టుకుని మెట్ల దాకా తెచ్చారు, కింద కారు ఆగి ఉంది. ఇదేమో ఇంట్లోంచి రాదు. బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది. రావే అంటే, ‘ఫుల్‌స్టాప్ పెట్టొస్తా అత్తయ్యా, లేకపోతే నాన్న తిడతాడు’ అంటుంది. అక్కడ మీ అమ్మ అల్లాడిపోతోంది.”

అతను ఆవిడ వెనకున్న పిచిక వైపు తొంగి చూశాడు.

“ముందు మన మాటల్లోనే రాసింది. రాసినదాన్ని చూసుకుని భయపడి దాచేసింది. ఇప్పటికీ దాని గుప్పిట్లోనే ఉంది, చూడు.”

అతను చెయ్యి చాచాడు. పిచిక ఇవ్వలేదు. టైలరమ్మ నచ్చజెప్పి వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సొచ్చింది. ఉండ చుట్టిన కాగితం చెమటకి తడిసిపోయింది.

‘నాన్నా నాయనమ్మ పడిపోయింది లేవట్లేదు అత్తయ్య క్లినిక్కి తీసుకెళ్తోంది నేనూ వెళ్తున్నా నాకు చాలా భయంగా ఉంది తొందరగా రా నాన్నా’

కామా లేదు. ఫుల్‌స్టాప్ లేదు. ఊపిరి తీసుకోకుండా రాసేసింది. అందులో అతనికి అర్థం కాని మాట ఒక్కటీ లేదు.

“దాంట్లో చాలా ఉన్నాయా నాన్నా?” టైలరమ్మ చేతిని రెండు చేతులా పట్టుకుని, వెనకనుంచే అడిగింది పిచిక. “తప్పులు?”

అతను ఆ నేల మీదే కూలబడ్డాడు. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. “తప్పుల్లేవమ్మా. ఒక్కటీ లేదు. రా తల్లీ, నా దగ్గరికి రా. నన్ను చూసి భయపడకు.”

పిచిక వెంటనే రాలేదు. అతను చేతులు చాచి అలాగే కూర్చున్నాడు. చాలాసేపటికి ఆ పిల్ల అత్తయ్య చెయ్యి వదిలింది.