పీకేసిన లేబుల్

1999 నవంబరు 12, శుక్రవారం. ఉదయం 9.10.

గంగాలిన్ అనే ఊళ్ళోని వాటిల్ ఫిల్మ్ లైబ్రరీలో ఆరు రీళ్ళ డబ్బాలు మాయమయ్యాయి.

1934 నాటి జర్మన్ సినిమా. కన్నీళ్ళు పెట్టించే కుటుంబ కథ. ప్రపంచం మొత్తంలో మిగిలింది ఆ ఒక్క ప్రింటే. అదే దర్శకుడు, అదే పేరుతో, ఇరవై ఏళ్ళ తర్వాత తీసిన రీమేక్ మాత్రం పక్క అరలో భద్రంగా ఉంది.

సాయంత్రం నాలుగింటికి ఇల్సె అనే డెబ్బై రెండేళ్ళావిడ డార్విన్ నగరం నుంచి ఆ పాత సినిమా చూడడానికి వస్తోంది. అందులో వాళ్ళమ్మ ఒకే ఒక్క సీన్లో కనిపిస్తుంది, చేతిలో దీపంతో. ఆ తల్లి ఇల్సెకి ఏడో ఏటే పోయింది. ఇంట్లో ఒక్క ఫోటో కూడా మిగల్లేదు.

సెక్యూరిటీ ఆఫీసర్ చాముండేశ్వరి, ఫిల్ములు భద్రపరిచే వాల్టు గది తాళం చూసింది. చెక్కుచెదరలేదు. తాళంచెవులు రెండే. ఒకటి తన దగ్గర, రెండోది ప్రొజెక్టర్ నడిపే ముసలాయన బ్రూస్ దగ్గర.

ఇంకేం! అందరి ముందూ అతని కారు డిక్కీ తెరిపించింది. ఒక దుప్పటి, ఒక టిఫిన్ డబ్బా. అంతే. బ్రూస్ డిక్కీ మూసేశాడు. టోపీ సర్దుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

11.30. మళ్ళీ వాల్టు.

ఖాళీ అర. దాని మీద లేబుల్ కూడా లేదు. జిగురు మరక లేకుండా శుభ్రంగా పీకేశారు.

దొంగకి కావలసింది సినిమా. లేబుల్ వాడికెందుకు? అది ఆఫీసు వాళ్ళ పని.

2000 సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లలో తేదీలు సరిచేసే Y2K పని మీద వచ్చిన నెల్లూరు శ్రీపతిని పిలిచింది.

"శ్రీపతి గారూ, ఈ లేబుల్ ఎవరు తీయించారు?"

"మా ప్రోగ్రామ్ లిస్ట్ ఇచ్చింది మేడమ్. డూప్లికేట్ కదా."

"డూప్లికేటా?"

"ఇయర్స్ అన్నీ నాలుగంకెలు చేసేటప్పుడే డేటా క్లీన్ చేశాం. పేరూ డైరెక్టరూ ఒకటే అయితే కొత్త ప్రింట్ ఉంచి పాతది తీసెయ్యమని రాశాను."

"అది రీమేకయ్యా బాబూ! అందులో మనుషులు వేరు!"

శ్రీపతి మొహం పాలిపోయింది. "యాక్టర్ల కాలమ్ చూడలేదు మేడమ్. నా కాంట్రాక్ట్ పోతే పోనీండి. ఆ డబ్బాలు ఎక్కడున్నాయి?"

ఆమె గేటు పుస్తకం తెరిచింది.

అక్టోబరు 14, ఉదయం 9.40. పనికిరాని ఫిల్ము, 112 డబ్బాలు, కాల్చెయ్యడానికి. కింద సంతకం.

తనదే.

ఆ రోజు వాల్టు తాళం తీసిందీ తనే. జాబితా పేజీ తిప్పకుండా సంతకం గిలికి పారేసింది.

ఫిల్ము కాల్చే కంపెనీకి ఫోన్ చేసింది. "కాల్చేసి నాలుగు వారాలైంది" అన్నారు అవతల.

సాయంత్రం 4.00. చిన్న థియేటర్లో ఇల్సె, బ్రూస్, శ్రీపతి కూర్చున్నారు.

"దొంగతనం జరగలేదు" అంది చాముండేశ్వరి. "లేబుల్ పోవడమే సాక్ష్యం. ప్రోగ్రామ్ శ్రీపతి గారిది. చదవకుండా సంతకం పెట్టి, డబ్బాల్ని కాల్చడానికి పంపించింది నేను. పొద్దున బ్రూస్‌ని దొంగని చేసిందీ నేనే. ఇల్సె గారూ, మీ అమ్మగారిని తిరిగి తెచ్చివ్వలేను."

ఇల్సె అడిగింది.

"రీమేక్‌లో దీపం సీను ఉందా?"

"ఉంది. కానీ వేరే ఆవిడ" అంది చాముండేశ్వరి.

"వెయ్యండి. ఆ సీను వచ్చే ముందు చెప్పండి. కళ్ళు మూసుకుంటాను."

బ్రూస్ ప్రొజెక్టర్ దగ్గరికి నడిచాడు.

4.52కి చాముండేశ్వరి వంగి ఇల్సె చెవిలో చెప్పింది. ఇల్సె కళ్ళు మూసుకుంది. తెర మీద దీపం వెలిగింది. చాముండేశ్వరి తలెత్తి చూడలేకపోయింది.