వంద కుర్చీల్లోనూ ఆయనే

ఆ ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో వరండా చివర ఒక గది ఉంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ ఆగరట. లోపల మనిషి లేకపోయినా కీబోర్డు చప్పుడు వినిపిస్తుందట... "బాబాయ్ డ్యూటీ ఎక్కాడు" అని నర్సులు గబగబా దాటిపోతారట.

బాబాయ్ అంటే కంప్యూటర్ బాబాయ్. పాతికేళ్లు ఆ గదిలోనే కూర్చుని రక్తం నిల్వల లిస్టు చూసుకున్న పెద్దాయన. ఏ గ్రూపు ఎన్ని ప్యాకెట్లు ఉన్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. చివరికి ఆయనకే రక్తం కావాల్సొచ్చింది. లక్షల్లో ఒకరికి ఉండే గ్రూపు. తన లిస్టులో తనకే దొరకలేదు... తెల్లారేలోపు పోయాడు. అది జరిగి రెండేళ్లు.

ఇదంతా మా అక్క చెప్పింది. అక్క దెయ్యాలకు భయపడే రకం కాదు. దెయ్యాలే ఆమెను చూసి పక్కకు తప్పుకుంటాయని మా బావ అంటాడు, అక్క ఇంట్లో లేనప్పుడు.

ఆ రాత్రి ఆ గదిలో అక్క ఒక్కతే. ఆ లిస్టుని క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న డేటాబేస్‌లోకి మార్చే పని ఆమెది. మూడు ఆస్పత్రుల లిస్టులూ ఒకే చోటికి చేరతాయి. ఒకచోట లేని రక్తం ఇంకోచోట ఉంటే క్షణంలో తెలుస్తుంది. పాత లిస్టులు మూడుచోట్లా సాయంత్రమే ఆపేశారు. ఇక ఆస్పత్రివాళ్లు లిస్టు చూసుకునే యాప్‌ని కొత్త డేటాబేస్‌కి కలపడమే మిగిలింది.

అది కలవడం లేదు.

ఆ గది ఇంటర్నెట్ అడ్రసుని ఒంటిగంటన్నరకే అనుమతుల జాబితాలో చేర్చింది. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది. అయినా తెరమీద ఒకటే మాట — కనెక్షన్లన్నీ నిండిపోయాయి.

రెండూ పదికి తలుపు తోసుకుని నర్సు వచ్చింది. గడప దాటలేదు.

"మేడమ్... కాన్పు కేసు. నాలుగో బెడ్. రక్తం ఆగట్లేదు. గ్రూపేమో..." గొంతు తగ్గించింది. "బాబాయ్ గ్రూపే."

"మన దగ్గర?"

"ఒక్క ప్యాకెట్ కూడా లేదు. మిగతా రెండు చోట్లకీ ఫోన్ చేశా. లిస్టు మీ కొత్తదాంట్లోకి వెళ్లిపోయింది, మాకేం కనబడట్లేదు, ఫ్రిజుల్లో ఒక్కోటీ వెతకాలంటే తెల్లారుతుందంటున్నారు. డాక్టరమ్మ గంటే టైముందంటోంది."

అక్క మళ్లీ తెరవైపు తిరిగింది. ఆ డేటాబేస్‌లో ఒకేసారి వంద కనెక్షన్లకే చోటు. వంద కుర్చీలనుకోండి. ఒకటి ఖాళీ అయితేనే ఇంకొకరు కూర్చోవాలి. అర్ధరాత్రి వందమంది ఎవరొచ్చి కూర్చున్నారు? నిర్వాహకుల కోసం విడిగా ఉంచే దారిలో లోపలికి వెళ్లి పేర్లు చూసింది. ఆ దారిలో ఎవరున్నారో కనిపిస్తుంది కానీ రక్తం లిస్టు తెరుచుకోదు.

మొదటి కుర్చీలో బాబాయ్. రెండో దాంట్లో బాబాయ్. పదోది... యాభయ్యోది... వందోది... అన్నిట్లోనూ బాబాయే.

అందర్నీ ఒక్క దెబ్బతో బయటికి తోసింది. యాప్ కలిపేలోపే — మళ్లీ వంద.

ఎక్కణ్ణుంచి వస్తున్నాడో చూసింది. ఈ గది అడ్రసే.

అక్క గది నలుమూలలా చూసింది. అప్పుడు వినిపించింది... బీరువా వెనకనుంచి, సన్నగా, ఆగకుండా... గుయ్య్ మని.

"సిస్టర్, ఒక చెయ్యి వెయ్యండి."

నర్సు కళ్లు మూసుకునే తోసింది. బీరువా జరిగింది. వెనక, దుమ్ములో, ఒక పాత కంప్యూటర్. నడుస్తోంది!

అక్కకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బాబాయ్ రాసిపెట్టుకున్న ప్రోగ్రామ్ అది. కనెక్షన్ తెరిచి అడుగుతుంది, మూయడం మరచిపోతుంది, మళ్లీ ఇంకోటి తెరుస్తుంది. చనిపోయినాయన లాగిన్ తీసేయడానికి ఎవరికీ మనసు రాలేదు. అక్క కూడా దాన్ని అందరి లాగిన్లతో కలిపి కొత్తదాంట్లోకి ఎక్కించింది. డేటాబేస్‌కి పాత పేరే ఉంచడంతో ఆ కంప్యూటర్ దారి వెతుక్కుంటూ వచ్చేసింది.

అది అడుగుతున్నది ఒకటే ప్రశ్న. ఆయన గ్రూపు రక్తం, రెండు ప్యాకెట్లు... ఎక్కడైనా ఉందా? ఆయన చనిపోయిన రాత్రి తనకోసం తనే రాసుకున్నది.

"క్షమించు బాబాయ్" అని ప్లగ్ పీకేసింది.

వంద కుర్చీలూ ఖాళీ అయ్యాయి. యాప్ కలిసింది. రెండో ఆస్పత్రిలో సరిగ్గా రెండు ప్యాకెట్లు! అంబులెన్సులో ఇరవై నిమిషాల్లో వచ్చాయి. తెల్లారేసరికి తల్లి కళ్లు తెరిచింది. బిడ్డ ఆస్పత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. నర్సు అక్కని పట్టుకుని తనూ ఏడ్చింది.

ఇంటికి బయల్దేరే ముందు బాబాయ్ లాగిన్ తీసేద్దామని అక్క మళ్లీ కూర్చుంది. ఎందుకో ఆ రెండు ప్యాకెట్ల వివరాలు తెరిచింది.

అవి ముందే ఎవరో కేటాయించి పెట్టారు. ఎవరికి? కాన్పు వార్డు, నాలుగో బెడ్, ఆ తల్లి పేరు. ఎవరు? బాబాయ్ లాగిన్. ఎప్పుడు? ఒకటీ నలభైకి.

ఆ తల్లి ఆస్పత్రి మెట్లెక్కింది ఒకటీ యాభై అయిదుకి.

బాబాయ్ ప్రోగ్రామ్‌ని అక్క మూడుసార్లు చదివింది. అందులో అడగడమే ఉంది. కేటాయించడం ఎక్కడా లేదు.

అక్క ఆ లాగిన్ తీసేయలేదు. వందలో ఒక్క కుర్చీ ఆయనకి వదిలేసింది. రాత్రుళ్లు అది నిండే ఉంటుందట...

పాత కంప్యూటర్ని మాత్రం ఆస్పత్రివాళ్లు ఆ వారమే తుక్కుకింద ఇచ్చేశారు.